రాజు ఏ పక్షాన నిలిచాడు? రాయదుర్గం సీమలో జైనం, ఉత్తర ఐరోపాలో డేనుల మతయుద్ధాలు



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ చరిత్రోపాధ్యాయుణ్ని మీలో చాలామంది నాకంటే దగ్గరగా ఎరుగుదురు. తెలుగు, కన్నడ శాసనాలు రెండింటినీ తడుముకోకుండా చదవగలిగిన తరం వారిది. 1953 దాకా ఈ రాయదుర్గం తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరులతో పాటు రాయదుర్గం ఇటు వచ్చింది, బళ్లారి అటు పోయింది. పాలనకు గీసిన గీత రాళ్ళ మీది అక్షరాలకు తెలియదు గనుక, ఈ సీమ చరిత్ర చెప్పదలచినవారు రెండు భాషలనూ ముందు పెట్టుకోక తప్పదని వారు తమ విద్యార్థులకు చెప్పేవారట. ఆ మాటను గౌరవించే నేను ఈ విషయాన్ని ఎంచుకొన్నాను.

రాయదుర్గం కొండ మీద రససిద్ధుల ఆశ్రమమని మనవాళ్ళు చెప్పుకొనే చోట రాతిలో తొలిచిన గుహలున్నాయి, చిన్న రాతి వాకిళ్ళతో. అక్కడి చెక్కడాలు జైనానివి. రససిద్ధులనే పేరు తర్వాతి జనం పెట్టుకొన్నది. అందులో కూర్చున్నవారు తీర్థంకరుల బాట పట్టిన మునులు. ఇక్కడ దొరికిన నిషిధి శాసనాల్లో, అంటే సల్లేఖనంతో దేహం విడిచినవారి స్మృతి శిలల్లో, మూలసంఘం పేరూ యాపనీయ సంఘం పేరూ కనిపిస్తాయి. వాటన్నిటికంటే మనకు ముఖ్యమైనది ఒక విగ్రహ పీఠం మీది శాసనం. 1355లో, మొదటి హరిహరరాయల ఏలుబడిలో, మాఘనంది వ్రతి శిష్యుడైన భోగరాజు ఇక్కడ శాంతినాథ జినేశ్వరుణ్ని ప్రతిష్ఠించాడని అది చెబుతుంది. విజయనగర రాజ్యం పుట్టి అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. అంటే పధ్నాలుగో శతాబ్దం నడిమికి కూడా ఈ ఊళ్ళో జైనం కొత్త విగ్రహం నిలబెట్టుకోగల స్థితిలోనే ఉంది.

చుట్టుపక్కల చూసినా అంతే. గుంతకల్లు దాపున కొనకొండ్ల ఉంది. కుందకుందాచార్యుల ఊరు అదేనని జైన సంప్రదాయం నమ్ముతుంది, అక్కడా ఒక రససిద్ధుల గుట్ట ఉంది. పెనుగొండను జైనులు తమ విద్యాస్థానాల్లో ఒకటిగా లెక్కపెట్టుకొన్నారు. ఢిల్లీ, కొల్హాపురం, జినకంచిల సరసన దాని పేరు చెప్పుకొన్నారు. మడకశిర వైపు అమరాపురంలో 1278 నాటి శాసనం ఉంది. నిడుగల్లు నుంచి ఏలిన ఇరుంగోళ చోళుడి కాలంలో మల్లిసెట్టి అనే శ్రావకుడు బ్రహ్మజినాలయానికి రెండు వేల వక్కచెట్లు దానం చేశాడు.

ఇంత ఉన్నది ఏమైపోయింది? మన ప్రాంతంలో దీనికి రెండు జవాబులు వాడుకలో ఉన్నాయి. జైనులను శైవులు ఊచకోత కోశారు, గానుగల్లో ఆడించారు అని ఒకటి. ఇక్కడ మతకలహమే ఎరగం, అందరూ కలిసే ఉన్నారు, జైనం దానంతటదే సన్నగిల్లింది అని ఇంకొకటి. మొదటిది కైఫియత్తుల నుంచి, పురాణాల నుంచి వచ్చింది. రెండోది మన ఆత్మగౌరవం నుంచి వచ్చింది. రెండింటికీ శాసనాలు సరిగ్గా సరిపోవు. ఒక మతాన్ని కత్తితో తుడిచిపెట్టడాన్ని రాజ్యం బాహాటంగా పనిగా పెట్టుకొన్న చోట ఆ పని ఎలా సాగిందో చూస్తే, మన దగ్గర జరిగినదీ జరగనిదీ తేటపడుతుందని నా నమ్మకం. అందుకే మిమ్మల్ని కాసేపు చాలా దూరం, బాల్టిక్ సముద్రం ఒడ్డుకు తీసుకుపోతున్నాను.

పన్నెండో శతాబ్దంలో డెన్మార్క్ క్రైస్తవ రాజ్యం. దానికి దక్షిణాన, తూర్పున సముద్రం ఒడ్డునే వెండ్‌లనే స్లావ్ తెగలు, ఇంకా తూర్పున ఎస్తోనియన్లు తమ పాత దేవతలను కొలుస్తూ ఉండేవారు. 1147లో జెరూసలేం వైపు రెండో క్రూసేడ్ బయల్దేరుతున్నప్పుడే, ఈ ఉత్తరాది యుద్ధానికీ అదే పుణ్యం దక్కుతుందని పోప్ మూడో యూజీనియస్ ప్రకటించాడు. ఆ తెగల మతమైనా పోవాలి, తెగలైనా పోవాలి, అంతవరకు సంధి కూడదని క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్ రాశాడు. అంత పెద్ద మాటలతో మొదలైన ఆ దండయాత్ర తేలిపోయింది. డెన్మార్క్ సింహాసనం కోసం తమలో తాము కొట్లాడుకొంటున్న స్వెన్, క్నుద్ ఇద్దరూ కలిసి వెళ్ళి డోబిన్ కోటను ముట్టడించి, వెనక నుంచి ర్యూగెన్ ద్వీపవాసులు ఓడల మీద పడటంతో నష్టపోయి తిరిగివచ్చారు.

ఫలితం వచ్చింది 1168లో. అప్పటికి రాజు మొదటి వాల్దెమార్. ఆయన పక్కన రోస్కిల్డే బిషప్ అబ్సలోన్. ఇద్దరూ చిన్ననాటి నుంచి కలిసి పెరిగినవారు. ర్యూగెన్ కొనమీద ఆర్కోనా కోటలో స్వాంతెవిత్ అనే నాలుగు తలల దేవుడి గుడి ఉండేది. కోట లొంగిపోయాక ఆ విగ్రహాన్ని కూల్చిన సంగతిని సాక్సో గ్రమ్మాటికస్ అనే చరిత్రకారుడు వివరంగా రాశాడు. పని చేయించినవారు అబ్సలోన్ అన్న ఎస్బెర్న్, సూనె అనే ఇంకొకడు. విగ్రహం పొరపాటున ఎవరి మీదైనా పడితే దేవుడు కోపించాడని ఊరివాళ్ళు అనుకొంటారు, ఒళ్ళు దగ్గర పెట్టుకొని నరకండని వారు పనివాళ్ళను హెచ్చరించారట. నరికిన మానును తాళ్ళతో ఈడ్చుకుపోయి, ముక్కలు చేసి, సైన్యానికి వంటచెరకుగా వాడుకొన్నారు. ద్వీపం మొత్తం అబ్సలోన్ బిషప్ పీఠం కిందికి వచ్చింది. ఆల్టెన్‌కిర్షెన్ అనే ఊరి చర్చి గోడలో ఇప్పటికీ స్లావ్‌ల కాలపు మనిషి బొమ్మ చెక్కిన రాయి అడ్డంగా పడుకోబెట్టి కట్టి ఉంది. మన గుళ్ళ ప్రాకారాల్లో తలకిందులుగా కట్టిన పాత రాళ్ళను చూసినవారికి ఆ దృశ్యం కొత్తగా ఉండదు.

ఇక్కడ ఒక విషయం న్యాయంగా చెప్పాలి. ర్యూగెన్ ఓడదొంగలు డెన్మార్క్ తీరాన్ని ఏళ్ళ తరబడి దోచినవారే. తీరానికి భద్రత కావాలన్న కోరిక అబద్ధం కాదు. కాని ఆ కోరికకు విగ్రహభంజనం, జ్ఞానస్నానం, చర్చికి దశమభాగం పన్ను కలిశాయి. 1171 ప్రాంతంలో పోప్ మూడో అలెగ్జాండర్ ఎస్తోనియన్ల మీద యుద్ధానికి వెళ్ళేవారికి పవిత్ర సమాధి యాత్రికులకు దక్కే పాపవిముక్తినే వాగ్దానం చేశాడు. 1219లో రెండో వాల్దెమార్ నౌకాదళంతో వెళ్ళి లిందానిసె దగ్గర గెలిచి కోట కట్టాడు. నేటి టాలిన్ నగరం ఉన్నది అక్కడే. ఆ యుద్ధంలో ఆకాశం నుంచి ఎర్రగుడ్డ మీద తెల్లసిలువ ఉన్న జెండా పడిందన్న కథ డెన్మార్క్ పిల్లలందరికీ తెలుసు. ఆ కథ రాతలోకి ఎక్కింది మాత్రం సుమారు మూడు వందల ఏళ్ళ తర్వాత.

లివోనియాకు చెందిన హెన్రీ అనే పూజారి ఆ రోజుల్లోనే రాసిన చరిత్రలో ఒక ఉదంతం ఉంది. నా దృష్టిలో ఈ యుద్ధాలన్నిటికీ అదే తాళంచెవి. ఎస్తోనియాలో ఒకవైపు రీగా జర్మన్లు, ఇంకోవైపు డేనులు పోటీపడి ఊళ్ళకు జ్ఞానస్నానం చేయిస్తున్నారు. ఎవరు స్నానం చేయిస్తే ఆ ఊరు వారి ఏలుబడి. డేనులు పూజారులు చాలక పల్లెటూరివాళ్ళ చేతికే మంత్రజలం ఇచ్చి పంపారట. తబెలిన్ అనే ఊరిపెద్ద జర్మన్ల దగ్గర జ్ఞానస్నానం తీసుకొన్నందుకు డేనులు అతన్ని ఉరితీశారు. అతను అప్పటికే క్రైస్తవుడు. చంపినవారూ క్రైస్తవులే. ఇక 1346లో నాలుగో వాల్దెమార్ ఎస్తోనియా భూమిని 19,000 మార్కుల వెండికి ట్యూటానిక్ వీరసంఘానికి అమ్మేశాడు. ఆత్మల కోసం గెలిచామన్న నేల నూట ఇరవై ఏడేళ్ళకు ధర కట్టించుకొంది.

(డేనుల పేరు తెలుగువారికి వేరే దారిలో కూడా చేరింది. 1620 నుంచి డేనుల చేతిలో ఉన్న తరంగంబాడికి రాజు నాలుగో ఫ్రెడరిక్ పంపిన మిషనరీలు 1706లో వచ్చారు. తర్వాత అక్కడికే వచ్చి మద్రాసు చేరిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి వ్యాకరణం రాశాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు ఆయన జర్మనీలోని హాలెలో వేయించినవే. మతం మార్చాలన్న కోరిక అదే. వెంట సైన్యం లేదు గనుక ముందు భాష నేర్చుకోవలసి వచ్చింది.)

ఇంతకూ ఆర్కోనాలో కలిసినవి ఏమిటి? రాజు దండు నడిపాడు. బిషప్ కూడా దండు నడిపాడు. గెలిచిన నేల చర్చికీ రాజుకూ వాటాలుగా పోయింది. చరిత్ర రాసిన సాక్సో అబ్సలోన్ పురమాయిస్తేనే కలం పట్టాడు. నమ్మకం ఎంత తీవ్రమైనదైనా అదొక్కటే క్రూసేడ్ కాలేదు. సింహాసనం, పీఠం, గ్రంథం ఒకే మనుషుల చేతిలో పడినప్పుడు, గెలుపుకు భూమి జీతంగా దొరికినప్పుడు అయింది. ఇదే నా ప్రధాన ప్రతిపాదన. ఈ కొలతతో ఇప్పుడు మన వైపు చూద్దాం.

ఆర్కోనా పడిన కాలంలోనే, 1167–68లలో, కల్యాణంలో బిజ్జలుడి ఏలుబడి ముగిసింది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం ప్రకారం ఆయన్ని చంపినవారు జగదేవుడు మొదలైన శివభక్తులు. ఒకే కాలంలో రెండు దేశాలు: అక్కడ రాజు భక్తుల ముందు నడుస్తున్నాడు, ఇక్కడ భక్తులు రాజును చంపామని చెప్పుకొంటున్నారు. బిజ్జలుడి మరణం అచ్చంగా అలాగే జరిగిందా అన్నది చరిత్రకారుల వాదన. భక్తుల ఊహలో రాజు ఎక్కడున్నాడన్నదే నాకు కావలసిన సంగతి. సోమనాథుడి భక్తుడికి రాజు అండ కాదు, అడ్డు.

అబ్బలూరు ఇప్పటి హావేరి జిల్లాలోది, మనకు మరీ దూరం కాదు. అక్కడ 1200 ప్రాంతపు శాసనం ఏకాంతద రామయ్య కథ చెబుతుంది. జైనులతో పందెం కట్టి తల నరుక్కొని ఏడు రోజులకు తిరిగి పొందాడని, ఓడినా జైనులు మాట నిలుపుకోకపోతే జినబింబాన్ని తానే పగలగొట్టాడని, జైనులు బిజ్జలుడి దగ్గర ఫిర్యాదు చేశారని ఉంది. అద్భుతాన్ని పక్కన పెట్టి వ్యవహారాన్ని మాత్రం గమనించండి. పందేనికి ముందు ఓలె రాసుకొన్నారు. విగ్రహం పగిలాక బాధితులు దర్బారుకు పోయారు. రాజు రామయ్యను పిలిపించి సంజాయిషీ అడిగాడు, చివరకు జయపత్రం ఇచ్చి గుడికి ఊరు దానం చేశాడు. ఫలితం జైనులకు అన్యాయమే. అయినా అది దండయాత్ర కాదు, వ్యాజ్యం. ఓడినవారికి కూడా వెళ్ళి తలుపు తట్టడానికి ఒక సభ ఉంది.

పండితారాధ్య చరిత్రలో దీనికి తిరగబడ్డ రూపం కనిపిస్తుంది. చందవోలులో వెలనాటి చోడుడి సభలో మల్లికార్జున పండితుడు బౌద్ధాచార్యుణ్ని వాదంలో గెలిచాడు. ఆయన శిష్యులు ఆ ఆచార్యుణ్ని చంపారు. రాజు పండితుడి కళ్ళు తీయించాడు. తర్వాత కళ్ళు వచ్చాయని, రాజ్యం నాశనమైందని కథ కొనసాగుతుంది. పరమతస్థుణ్ని చంపడం పుణ్యమని నమ్మిన కవి కూడా, రాజు దాన్ని నేరంగా చూసి శిక్షించాడని రాయవలసి వచ్చింది. సాక్సోకు ఆ ఇబ్బంది లేదు.

ఇక్కడితో ఆగితే మన గొప్ప చెప్పుకొన్నట్టవుతుంది. శ్రీశైలం ముఖమండపం స్తంభాల మీద 1512 నాటి శాసనం ఉంది. శాంతుడి కొడుకు లింగన అనే వీరశైవ నాయకుడు తన దానధర్మాల వరసలోనే శ్వేతాంబర జైనుల తలలు నరకడాన్ని కూడా చెప్పించుకొన్నాడు. ఇది ఎవరో తర్వాత అల్లిన కథ కాదు; చేసినవాడు తన పుణ్యంగా, దేశమంతా వచ్చే క్షేత్రంలో చెక్కించుకొన్న మాట. అందులో ఎన్ని తలలు నిజమో కొలవలేం, అతిశయోక్తి బిరుదాల స్వభావం. కాని అలాంటి మాట చెక్కించుకొంటే కీర్తి వస్తుందని అతను లెక్కవేశాడంటే, అతని చుట్టూ ఉన్న సమాజం గురించి అదే సాక్ష్యం. మతకలహం ఎరగం అనేవారు శ్రీశైలం వెళ్ళినప్పుడు ఆ స్తంభాల దగ్గర ఒక నిమిషం నిలబడాలి.

అయితే లింగన ఒక నాయకుడు. అతని వెనక చక్రవర్తి ఆజ్ఞ ఉన్నట్టు శాసనం చెప్పదు. చక్రవర్తి ఏం చేసేవాడో తెలుసుకోవడానికి 1368కి వెనక్కి వెళ్ళాలి. అది మన జిల్లాల కథ కూడా.

ఆ ఏడు ఆనెగొంది, హోసపట్టణ, పెనుగొండ, కల్లేహ పట్టణాల జైనులు మొదటి బుక్కరాయలకు విన్నపం చేసుకొన్నారు. శ్రీవైష్ణవులు తమ మీద అన్యాయం చేస్తున్నారన్నది ఫిర్యాదు. గొడవ పంచమహావాద్యాలు, కలశం వంటి గౌరవ చిహ్నాల దగ్గర వచ్చింది. పెనుగొండ పేరు ఆ జాబితాలో ఉందంటే, రాయదుర్గంలో శాంతినాథుణ్ని నిలిపిన భోగరాజు తరానికి ఆ భయం పొరుగునే ఉందన్నమాట. పీఠం మీది శాసనానికీ ఈ విన్నపానికీ మధ్య పదమూడేళ్ళే.

బుక్కరాయలు శ్రీరంగం, తిరుమల, కంచి, మేలుకోట ఆచార్యులతో సహా పద్ధెనిమిది నాడుల వైష్ణవులను పిలిపించి, జైనుల చేతిని వారి చేతిలో పెట్టి, రెండు దర్శనాలకూ భేదం లేదని తీర్మానించాడు. వాద్యాలకూ కలశానికీ జైనులు హక్కుదారులేనన్నాడు. జైనానికి కలిగే హానినీ వృద్ధినీ వైష్ణవులు తమవిగా భావించాలన్నాడు. ఆ శాసనాన్ని రాజ్యంలోని బస్తులన్నిటా నాటాలని ఆజ్ఞ. శ్రవణబెళగొళలో ఆ రాయి ఇప్పటికీ ఉంది. తప్పినవాడు రాజద్రోహి, సంఘద్రోహి, సముదాయద్రోహి.

ఎందుకిలా చేశాడు? దయామయుడు గనుక అనడం చరిత్ర కాదు. కొత్త రాజ్యానికి వర్తకుల పన్ను కావాలి. వర్తకుల్లో జైనులు బలమైనవారు. విన్నపం నడిపించిన కల్లేహ బుసువిసెట్టి పేరే ఆ సంగతి చెబుతుంది. ఒప్పందం తర్వాత రెండు వర్గాలూ కలిసి అతనికి సంఘనాయక పట్టం కట్టాయి. సేనాపతుల్లోనూ జైనులున్నారు: ఇరుగప్ప దండనాయకుడు 1385లో విజయనగరంలోనే కుంథునాథుడికి జినాలయం కట్టించాడు. 1426లో రెండో దేవరాయలు స్వయంగా పార్శ్వనాథుడికి చైత్యం కట్టించాడు. ఇక్కడ జైనుడు ఎల్లకు అవతలి శత్రువు కాదు, ఇంటిలోపలి ఖజానా. వాల్దెమార్‌కు ర్యూగెన్ పడిపోతే కొత్త నేల వచ్చింది. బుక్కరాయలకు పెనుగొండ జైనుడు పడిపోతే ఉన్న ఆదాయం పోతుంది. ఈ తేడాను పక్కన పెట్టి ఓర్పు మన రక్తంలోనే ఉందనడం నాకు ఇష్టం లేదు.

ఆ శాసనంలో ఇంకో భాగం ఉంది, దాన్ని మనం తక్కువగా చదువుతాం. రాజ్యంలోని జైనుల ఇంటింటికీ ఏటా ఒక హణం వసూలు చేసి, తిరుమల తాతయ్య ఆ డబ్బుతో బెళగొళ దేవుడికి ఇరవైమంది కాపలావాళ్ళను పెట్టాలి; మిగిలినది పాడైన జినాలయాలకు సున్నం, మరమ్మతు. రక్షణ ఖర్చు రక్షణ కోరినవారిదే; పెత్తనం ఫిర్యాదులో అవతలి పక్షం పెద్దది. ఒప్పందం న్యాయమైనదే గాని సమానమైనది కాదు.

జైనం ఈ పీఠభూమిలో తరిగిపోయింది ఎక్కువగా ఇలాంటి అసమానతల్లో. గుడి అంటే రాతి కట్టడం ఒక్కటే కాదు. దాని కింద మాన్యం, చెరువు, తోట, వాటిని చూసుకొనే వంశం ఉండాలి. వర్తక శ్రేణుల్లో కొందరు వీరశైవంలోకి మళ్ళారు. నాయకుల దానాలు శివాలయాలకు, తర్వాత వైష్ణవాలయాలకు తిరిగాయి. ఏటా వాన ఎదురుచూసే ఈ నేలలో చెరువు గండి పడ్డాక పూడ్చించేవాడు లేకపోతే, రెండు మూడు కరువులకు దీపారాధన ఆగిపోతుంది. అమరాపురం వైపు వక్కతోటలు నేటికీ ఉన్నాయి. మల్లిసెట్టి దానం పట్టిన బ్రహ్మజినాలయానికి ఆ ఆదాయం చేరడం ఎప్పుడో ఆగిపోయింది. దాన్ని ఆపడానికి ఎవరూ ఓడలెక్కి రానక్కరలేకపోయింది.

అందుచేతే ఎస్తోనియాలో పాత మతం ఎప్పుడు ఎవరి చేతిలో దెబ్బతిన్నదో తేదీలతో చెప్పగలం. రాయదుర్గంలో చివరి జైన ముని ఏ ఏట గుహ విడిచాడో ఎవరూ రాసిపెట్టలేదు. రాసిపెట్టే విజేత లేడు. ఎవరూ గెలిచినట్టు ప్రకటించని చోట ఓడినవారి సంగతి వెతకడం చరిత్ర విద్యార్థికి మరింత కష్టమైన పని. రేపు మీలో ఎవరైనా ఈ కొండ మీద పని చేయదలిస్తే యుద్ధాల తేదీల కంటే మాన్యాలు చేతులు మారిన వరసను వెతకమంటాను.

ఒక చివరి ఉదంతం. విజయనగరం కూలాక, 1638లో, హళేబీడు పార్శ్వనాథ బస్తి స్తంభాల మీద హుచ్చప్పదేవరు అనే వీరశైవుడు లింగముద్ర వేశాడు. విజయప్ప అనే జైనుడు దాన్ని చెరిపేశాడు. రక్తం పారడానికి కావలసినంత కారణం. బేలూరు వెంకటాద్రి నాయకుడి ఏలుబడిలో రెండు వర్గాల పెద్దలు కూర్చొని ఒప్పందం రాసుకొన్నారు. జైనులు ముందు విభూతి, వీడ్యం సమర్పించాలి. ఆ తర్వాత తమ పూజలు ఆచారం ప్రకారం చేసుకోవచ్చు. ఈ జైన ధర్మానికి అడ్డు వచ్చిన వీరశైవుడు తన మహామహత్తు నుంచే, అంటే తన వీరశైవ సంఘం నుంచే, వెలి. పెద్దపీట ఎవరిదో మొదటి షరతులోనే తెలుస్తోంది. అయినా చక్రవర్తి లేడు, ఇరవైమంది కాపలావాళ్ళూ లేరు. బుక్కరాయలు చేసిన పనిని అప్పటికి పెద్దమనుషులు తమంతట తామే చేయగలిగారు, రాతి మీద చెక్కించి అక్కడే నాటారు.